వంద దగ్గర చేతులు తిమ్మిరెక్కే బండికి స్ప్రాకెట్ మారిస్తే సరిపోతుందా?

ప్రశ్న: నేను గాజువాకలో ఉంటాను. రెండేళ్ల క్రితం క్లాసిక్ 350 కొన్నాను. నెలకోసారైనా నేనూ మా ఆవిడా దానిమీద రాజమండ్రి, మా అత్తగారింటికి వెళ్లొస్తాం. ఊళ్లో బండి బంగారం. హైవే ఎక్కి 95 దాటిందంటే మాత్రం హ్యాండిల్, ఫుట్‌రెస్టులు జివ్వుమంటాయి. తుని చేరేసరికి అరచేతులు తిమ్మిరెక్కిపోతున్నాయి. ఇంజిన్ పాడైపోతుందేమోనని టెన్షన్‌గా ఉంది. చైన్‌ని తిప్పే ముందు స్ప్రాకెట్‌కి (పళ్ల చక్రానికి) ఒక పన్ను పెంచితే ఆరో గేరు వేసినట్టే ఉంటుందని మా మెకానిక్ అంటున్నాడు. ఇది అమ్మేసి ఆరు గేర్ల బండి ఏదైనా కొనుక్కోమని ఫ్రెండ్ అంటున్నాడు. ఏం చేయమంటారు?
ఒక పాఠకుడు, గాజువాక

సమాధానం: ముందు ఇంజిన్ సంగతి చెప్పేస్తాను. దానికేమీ కాదు. మీ బండి తన పూర్తి బలాన్ని, అంటే 20 హార్స్‌పవర్‌ని, 6,100 ఆర్‌పీఎం, అంటే నిమిషానికి 6,100 చుట్ల దగ్గర ఇస్తుంది. టాప్ గేర్‌లో 100 మీద వెళ్తున్నప్పుడు అది తిరిగేది ఐదు వేలకు కాస్త అటూ ఇటూ. ఆర్‌పీఎం మీటర్ లేని బండి కాబట్టి ఆ సంగతి మీ కళ్లకు కనబడదు, చేతులకే తెలుస్తుంది. టైముకి ఆయిల్ మారుస్తూ లెవెల్ చూసుకుంటూ ఉంటే ఆ మాత్రం తిరుగుడికి పాడయ్యే ఇంజిన్ కాదది.

ఇక స్ప్రాకెట్. మార్చకండి. మీ మెకానిక్ అబద్ధం చెప్పలేదు, సగం చెప్పాడు. మిగతా సగం తెలియాలంటే ఆ ఇంజిన్‌ని ఏ పని కోసం అలా తయారు చేశారో చూడాలి.

మీ ఇంజిన్‌లో ఒకటే సిలిండర్. దాని వెడల్పు 72 మిల్లీమీటర్లు, పిస్టన్ పైనుంచి కిందికి కదిలే దూరం, అంటే స్ట్రోక్, 85.8 మిల్లీమీటర్లు. వెడల్పు కంటే స్ట్రోక్ ఎక్కువ కాబట్టి దీన్ని లాంగ్ స్ట్రోక్ ఇంజిన్ అంటారు. దానికి తిరుగుడు ఊపు తగ్గకుండా చూసే బరువైన చక్రం, ఫ్లైవీల్, తోడైంది. అందుకే 27 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే ఇంజిన్ మెలిపెట్టి తిప్పే బలం, 4,000 ఆర్‌పీఎంకే అందుతుంది, అంతకంటే చాలా కింద కూడా బండి బాగానే లాగుతుంది. సాయంత్రం ఎన్ఏడీ జంక్షన్‌లో ఆటోల మధ్య నత్తనడకన పోతున్నా బండి ఆగిపోదు. సింహాచలం ఘాట్ రోడ్డు మీద ఇద్దరిని ఎక్కించుకుని కూడా పెద్దగా రేజ్ చేయక్కర్లేకుండా ఎక్కేస్తుంది. మీరు బంగారం అంటున్నది ఈ గుణాన్నే.

హైవే మీద మిమ్మల్ని ఇబ్బంది పెడుతున్నదీ ఇదే గుణం. 100 దగ్గర ఇంజిన్ సుమారు 4,800 ఆర్‌పీఎం తిరుగుతోంది అనుకుందాం. అంటే ఆ పిస్టన్ సెకనుకు 80 సార్లు పైకి వెళ్లి, ఆగి, కిందికి వచ్చి, మళ్లీ ఆగుతోంది. సగటున సెకనుకు దాదాపు 14 మీటర్ల వేగం అది. ఆగిన ప్రతిసారీ ఆ బరువు ఇంజిన్‌ని ఒక వైపు లాగుతుంది. ఆ లాగుడు ఆర్‌పీఎంతో సమానంగా పెరగదు, దాని వర్గంతో పెరుగుతుంది. 80 నుంచి 100కి వెళ్తే వేగం పెరిగింది పావు వంతే, కుదుపు మాత్రం సగానికి పైగా పెరుగుతుంది. 85 దగ్గర పట్టనట్టు ఉండే బండి 95 దగ్గర జివ్వుమనడానికి ఒక కారణం ఇదే. నిజానికి మీరు అదృష్టవంతులు. పాత 346 సీసీ ఇంజిన్‌లో ఈ కుదుపుని తగ్గించే బ్యాలెన్సర్ షాఫ్ట్ ఉండేది కాదు. 2021లో వచ్చిన కొత్త క్లాసిక్‌లో ఉంది. పాత బండి మీద రాజమండ్రి వెళ్లొచ్చినవాళ్లని అడగండి, అద్దాల్లో వెనకబండి ఒకటి రెండుగా కనబడేదని చెప్తారు.

ఇంకో సంగతి కూడా ఉంది. ఒక్క సిలిండర్ కాబట్టి ఇంజిన్ రెండు చుట్లు తిరిగితే ఒక్కసారే పేలుడు జరుగుతుంది. 4,800 దగ్గర అది సెకనుకు 40 పెద్ద పెద్ద దెబ్బలు. ఊళ్లో మనకి నచ్చే ఆ డుగుడుగు చప్పుడు ఈ దెబ్బలదే.

ఇప్పుడు గేర్ల విషయానికి వస్తే, అసలు అడ్డం ఇంజిన్ కాదు, గాలి. ఊళ్లో 40 మీద గాలిని ఎవరూ పట్టించుకోరు. 80 దాటాక బండి చేసే పనిలో ముప్పావు వంతు గాలిని తోసుకుంటూ పోవడమే. గాలి అడ్డు వేగం వర్గంతో పెరిగితే, దాన్ని తోయడానికి కావలసిన హార్స్‌పవర్ వేగం ఘనంతో పెరుగుతుంది. నిటారుగా కూర్చున్న మనిషితో మీ బండికి సుమారుగా లెక్క వేశాను: 80కి 7 హార్స్‌పవర్ చాలు, 100కి 12 కావాలి, 110కి 16, 120కి 20. మీ ఎత్తుని బట్టి, జాకెట్ రెపరెపని బట్టి కాస్త మారుతుంది కానీ వరస ఇదే. చూడండి, 120 దగ్గరికి వచ్చేసరికి కంపెనీ చెప్పిన హార్స్‌పవర్ మొత్తం అయిపోయింది, అదీ గేర్‌బాక్స్, చైన్ తినేది లెక్కలోకి రాకముందే. ఏ స్ప్రాకెట్ వేసినా ఈ అంకెల్లో ఒక్కటీ తగ్గదు.

మరి స్ప్రాకెట్ ఏం చేస్తుంది? ముందు స్ప్రాకెట్‌కి 15 పళ్లు ఉన్నాయనుకుందాం. 16 వేస్తే అదే 100 మీద 4,800 కాస్తా 4,500 అవుతుంది. ఆరు శాతం తగ్గింది, కుదుపు ఇంకాస్త ఎక్కువే తగ్గుతుంది, చేతులకి హాయి. ఇంతవరకూ మెకానిక్ మాట నిజం. అన్నవరం కొండ మెట్లు రెండేసి చొప్పున ఎక్కితే అడుగులు సగమవుతాయి, కొండ ఎత్తు తగ్గదు. ఇక్కడా అంతే. ప్రతి దెబ్బ ఇప్పుడు ఇంకాస్త బరువు లాగాలి.

ఆ బరువు ఎంతో చూద్దాం. 4,800 దగ్గర ఇంజిన్ ఇవ్వగలిగిందాంట్లో దారిలో పోయేది పోగా చక్రానికి సుమారు 15 నుంచి 16 హార్స్‌పవర్ అందుతుంది. 100కి కావలసింది 12. చేతిలో మిగులు మూడున్నర దాకా ఉంది. 4,500 దగ్గర అందేది 15కి తగ్గుతుంది. తగ్గింది ముప్పావు హార్స్‌పవరే కదా అనిపిస్తుంది కానీ మిగులులో అది ఐదో వంతు. మీ ఇద్దరూ, బ్యాగూ, బండీ కలిపి మూడున్నర క్వింటాళ్లు. వంద మీటర్లకి మూడు మీటర్లు లేచే ఫ్లైఓవర్ ఎక్కాలంటే 100 మీద దాదాపు 4 హార్స్‌పవర్ అదనంగా కావాలి. ఇప్పుడున్న గేరింగ్‌తో మీ బండి అక్కడ ఎలాగోలా నెట్టుకొస్తుంది. పన్ను పెంచాక వేగం పడిపోతుంది, మీరు నాలుగో గేరుకి దిగుతారు. దిగగానే ఆర్‌పీఎం మళ్లీ ఐదు వేలు దాటుతుంది. ఏ కుదుపు తప్పించుకోవడానికి డబ్బు పెట్టారో అదే తిరిగి వచ్చి కూర్చుంటుంది.

గాలి మాట వచ్చింది కాబట్టి మన తీరం సంగతి కూడా చెప్పాలి. విశాఖ నుంచి రాజమండ్రి హైవే నైరుతి వైపుగా పోతుంది. వేసవి నుంచి వానాకాలం చివరిదాకా ఇక్కడ గాలి ఎక్కువగా ఆ వైపు నుంచే వీస్తుంది. గంటకు 20 కిలోమీటర్ల ఎదురుగాలి ఉందంటే, మీరు 100 మీద వెళ్తున్నా గాలికి మీరు 120 మీద ఉన్నట్టే. అప్పుడు కావలసింది 12 కాదు, దాదాపు 17 హార్స్‌పవర్. టాప్ గేర్‌లో మీ బండి దగ్గర అంత లేదు, స్ప్రాకెట్ మార్చినా లేదు, మార్చకపోయినా లేదు. నక్కపల్లి దాటాక ఏక్సిలరేటర్ మొత్తం తిప్పినా ముల్లు 95 దగ్గరే వేలాడుతోందని, తిరుగు ప్రయాణంలో అదే బండి హుషారుగా వస్తోందని చాలామంది అనుకుంటారు. కార్బన్ పట్టిందేమోనని షెడ్డుకి తీసుకెళ్తారు కూడా. కారణం గాలి.

మెకానిక్ వదిలేసిన సగంలో ఇంకొకటుంది, నాకు ముఖ్యం అనిపించేది అదే. ఆరో గేరు ఉన్న బండిలో మిగతా ఐదు గేర్లూ ఎక్కడివక్కడే ఉంటాయి, పైన ఇంకొకటి చేరుతుంది. స్ప్రాకెట్ మారిస్తే ఐదు గేర్లూ కలిసి పొడుగవుతాయి, మొదటి గేరుతో సహా. బండి కదలడానికి హాఫ్ క్లచ్ ఇంకాస్త సేపు పట్టుకోవాలి. అరకు వెళ్లే అనంతగిరి ఘాట్‌లో, ఇద్దరు కూర్చుని ఉండగా, హెయిర్‌పిన్ వంపులో రెండో గేరు సరిపోక మొదటిది వెయ్యాల్సి వస్తుంది. దిగేటప్పుడు ఇంజిన్ బ్రేకింగ్, అంటే ఏక్సిలరేటర్ వదిలితే ఇంజిన్ బండిని పట్టి ఉంచడం, కూడా ఆ మేరకు తగ్గుతుంది. మీరు నెలలో ఒకటి రెండు రోజులు హైవే మీద, మిగతా రోజులన్నీ గాజువాక ట్రాఫిక్‌లో తిరుగుతారు. ఆ ఒకటి రెండు రోజుల కోసం మిగతా రోజుల సుఖం తాకట్టు పెట్టడం ఏం లెక్క? వారమంతా ఒంటరిగా చదును రోడ్డు మీద 85, 90 మధ్య తిరిగేవాడైతే ఆ పన్ను పెంచుకోమని నేనే చెప్పేవాణ్ని. వారంటీ ఉంటే సర్వీస్ సెంటర్‌లో అడిగి మరీ వేయించుకోవాలి. స్పీడ్ సెన్సర్ గేర్‌బాక్స్ దగ్గర ఉండే బండి అయితే మీటర్ అసలు వేగం కంటే తక్కువ చూపిస్తుందని కూడా గుర్తుంచుకోవాలి.

ఇంతకీ మీ జివ్వుమనడం మొత్తం ఇంజిన్‌దేనా? ముందు అది తేల్చుకోండి, ఖర్చు లేని పని. ఖాళీ రోడ్డు మీద నాలుగో గేర్‌లో 80 మీద కాసేపు వెళ్లండి. అప్పుడు ఇంజిన్ ఐదో గేర్‌లో దాదాపు 95 మీద ఎంత తిరుగుతుందో అంతే తిరుగుతుంది. అదే జివ్వుమనడం 80 దగ్గరే వస్తే అది ఇంజిన్‌ది, దాని స్వభావం. నాలుగో గేర్‌లో పెద్దగా లేకుండా, ఏ గేర్‌లో ఉన్నా 95 వేగం దగ్గరే వస్తుంటే అనుమానం చక్రాల మీదకి, టైర్ బ్యాలెన్సింగ్ మీదకి వెళ్లాలి. ఇక చైన్. సముద్రపు గాలికి మన ఊళ్లో చైన్ ఎంత త్వరగా తుప్పు పడుతుందో చెప్పక్కర్లేదు. వెనక చక్రం లేపి చేత్తో నెమ్మదిగా తిప్పి చూడండి. ఒకచోట బిగుతుగా, ఒకచోట వదులుగా ఉంటే ఆ చైన్ పని అయిపోయినట్టే, దాని గరగర అంతా ఫుట్‌రెస్టుల్లోకి వస్తుంది. వానలో తడిసిన ప్రతిసారీ, లేదంటే ఐదారు వందల కిలోమీటర్లకోసారి శుభ్రం చేసి లూబ్ కొట్టండి. ఇంజిన్ మౌంటింగ్ బోల్టులు టార్క్ రెంచ్‌తో బిగించి చూడమని చెప్పండి. ఒక్క బోల్టు వదులైనా ఛాసిస్ మొత్తం వణుకుతుంది. ఇవన్నీ అయ్యాక చాలామందికి స్ప్రాకెట్ ఊసే గుర్తుకు రాదు.

తర్వాత, కాస్త చేదు మాట. 2018లో కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం నాలుగు లేన్ల హైవే మీద కారుకి గరిష్ఠ వేగం 100, మోటార్ సైకిల్‌కి 80. మీ బండి 80 మీద వెళ్లేటప్పుడు ఇంజిన్ నాలుగు వేల దిగువన, టార్క్ బాగా అందే చోట తిరుగుతుంది. దాన్ని తయారు చేసినవాళ్లు మనసులో పెట్టుకున్న వేగం అదేనని నా ఉద్దేశం. లంకెలపాలెం దాటాక రాజమండ్రి దాకా ఆగకుండా పోగలిగే రోడ్డు 150 కిలోమీటర్లు ఉందనుకున్నా, 100 బదులు 80 మీద వెళ్తే నష్టపోయేది 22 నిమిషాలు. కిలోమీటరుకి ఇంజిన్ చేసే పని మాత్రం 100 మీద 40 శాతం ఎక్కువ. ఆ తేడా పెట్రోల్ బంకులో కనబడుతుంది. ఎండాకాలం అయితే మరీను. గాలితో చల్లబడే ఇంజిన్ కాబట్టి గంటన్నరకోసారి ఆపండి. అన్నవరంలో ప్రసాదం పొట్లం విప్పి తినేలోగా ఆయిల్ కూడా కాస్త చల్లారుతుంది.

లారీని దాటాలంటే టాప్ గేర్‌లోనే ఉండి ఏక్సిలరేటర్ మెలిపెట్టకండి. నాలుగో గేరుకి దిగి దాటేసి, మళ్లీ ఐదు వెయ్యండి. ఆ పది సెకన్లు ఇంజిన్ అరిస్తే అరవనివ్వండి. మనవాళ్లు చాలామంది అరుపుకి భయపడి, మైలేజ్ వస్తుందని ఐదో గేర్‌లో 40కి దిగిపోయి ఫ్లైఓవర్ ఎక్కిస్తుంటారు. బరువు లాగలేక ఇంజిన్ టకటకలాడుతుంది చూడండి, ఇంజిన్‌ని చంపేది ఆ నాకింగే.

మీ ఫ్రెండ్ సలహా మిగిలింది. గేర్లు లెక్కపెట్టి బండి కొనకూడదు. చిన్న ఇంజిన్లకి ఆరు గేర్లున్నా అవి దగ్గర దగ్గరగా పేర్చినవి, 100 దగ్గర మీ బండి కంటే చాలా ఎక్కువ తిరుగుతాయి. చూడాల్సింది రెండు: 100 దగ్గర ఎంత తిరుగుతోంది, ఆ ఇంజిన్ ఎంతదాకా తిరగడానికి పుట్టింది. ఉదాహరణకి ట్రయంఫ్ స్పీడ్ 400 చూడండి. ఆరో గేర్‌లో 100 దగ్గర అదీ ఐదు వేల చుట్టుపక్కలే తిరుగుతుంది, మీ బండిలాగే. కానీ దాని స్ట్రోక్ 64 మిల్లీమీటర్లే, 40 హార్స్‌పవర్ వచ్చేది 8,000 దగ్గర. అంటే ఐదు వేలు దానికి మూడింట రెండు వంతుల లోపే, మీ బండికి ఐదింట నాలుగు వంతుల పైనే. హిమాలయన్ 450 కూడా అదే తరహా, 8,000 దగ్గర 40 హార్స్‌పవర్, పైగా నీళ్లతో చల్లబడుతుంది. వీటితో వచ్చే చిక్కు కింద వేగాల్లో. మూడు వేల లోపు టాప్ గేర్‌లో లాగమంటే ఎగిరెగిరి పడతాయి, ఊళ్లో గేర్లు మార్చుకుంటూనే ఉండాలి. మీ బండికి అలవాటుపడిన చేతికి మొదట్లో చిరాకే.

డబ్బు ఉంటే, ఇద్దరూ కలిసి తరచూ దూరం వెళ్లాలనుకుంటే, ఇంటర్‌సెప్టర్ 650 చూడమంటాను. రెండు సిలిండర్లు, 47 హార్స్‌పవర్, 67.8 మిల్లీమీటర్ల స్ట్రోక్. 100 దగ్గర నాలుగు వేల చుట్టుపక్కల తిరుగుతుంది కాబట్టి పిస్టన్ వేగం సెకనుకు 9 మీటర్లు, మీ బండిలో మూడింట రెండు వంతులు. సెకనుకు 40 పెద్ద దెబ్బల బదులు 66 చిన్న దెబ్బలు. పిస్టన్లు తిప్పే ఇరుసు, అంటే క్రాంక్, 270 డిగ్రీలది కావడంతో ఒక పిస్టన్ పైన ఆగిన సమయానికి రెండోది మధ్యలో పరుగు మీద ఉంటుంది, రెండూ ఒక్కసారే ఆగవు. మిగిలిన కుదుపుని బ్యాలెన్సర్ చూసుకుంటుంది. ఎదురుగాలిలో 17 హార్స్‌పవర్ కావాలన్నా దాని దగ్గర బోలెడంత మిగులు. అయితే బరువు రెండు క్వింటాళ్లు దాటుతుంది, ఎండాకాలం సిగ్నల్ దగ్గర కాళ్లకి సెగ తగులుతుంది, చైన్ కిట్ దగ్గర్నుంచి టైర్ల దాకా ప్రతి ఖర్చూ పెద్దదే.

కొత్తది కొనే ఆలోచన గట్టిపడితే షోరూం చుట్టూ ఒంటరిగా ఒక రౌండ్ కొట్టి నిర్ణయించుకోకండి. మీ శ్రీమతిని కూర్చోబెట్టుకుని, కుదిరితే ఆనందపురం నుంచి సబ్బవరం వైపు ఆరు లేన్ల రోడ్డు మీద, 80 దగ్గర ఒక పదిహేను నిమిషాలు ఆపకుండా నడిపి చూడండి. వైబ్రేషన్ గురించి మీ చేతులెంత చెప్తాయో వెనక సీటులో కూర్చున్న ఆమె కాళ్లూ అంత చెప్తాయి, ఆమెనీ అడగండి.